బదిలీ వద్దన్న లెక్చరర్

బదిలీ కోసం కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళను మీరు చాలామందినే చూసి ఉంటారు. మా దీవుల్లో అది మరీ ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌కి ఎంత దూరంగా పోస్టింగ్ పడితే అంత తొందరగా దరఖాస్తు తయారవుతుంది. అలాంటి చోట బదిలీ ఆర్డరు చేత్తో పట్టుకుని, దీన్ని రద్దు చెయ్యండి, నన్ను మాయాబందర్‌లోనే ఉంచండి అని ఆఫీసు మెట్లెక్కినవాణ్ణి నేను. ఆ సెక్షన్‌లో ఉన్నవాళ్ళంతా రాయడం ఆపి నన్ను చూశారు. జ్వరమేమైనా ఉందేమోనన్నట్టు చూశారు.

ఈమధ్య, పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున ఉన్న మా హోప్ టౌన్‌లో, మా వీధి అమ్మాయికి కాలేజీలో ఉద్యోగం వచ్చింది. దూరంగా వేశారని వాళ్ళమ్మ ఒకటే గొడవ. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "అంకుల్, మీరైతే ఏం చేసేవారు?" అని అడిగింది. నోటితో చెబితే సగం మరిచిపోతానని రాస్తున్నాను. మన పిల్లల్లో తెలుగు గడగడా మాట్లాడేవాళ్ళున్నారు గాని చదివేవాళ్ళు తక్కువ. చదవలేనివాళ్ళకు ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చదివి వినిపిస్తే చాలు.

మాది వల వేసుకుని బతికిన ఇల్లు. తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చాడు. నాన్న ఇక్కడే పుట్టి ఇక్కడే పడవ నడిపాడు. నేను మెయిన్‌లాండ్‌లో ఎంకాం చదివి వచ్చి, కొన్నాళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పి, ఆ తర్వాత లెక్చరర్నయ్యాను. లెక్చరర్ అంటే ఏమిటో నాన్నకు సరిగ్గా తెలియదు. "మా వోడు మాస్టర్లకి మాస్టరు" అని జెట్టీ దగ్గర అందరికీ చెప్పుకున్నాడు. తీరా పోస్టింగ్ మాయాబందర్ అనేసరికి ఇంట్లో అందరూ నీరుగారిపోయారు. అప్పటికి మా పాపకు రెండేళ్ళు. భార్య నా మేనమామ కూతురే. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. వాళ్ళందరినీ వదిలి నేనొక్కణ్ణే బస్సెక్కాను.

ఆ రోజుల్లో ఆ ప్రయాణం తెల్లవారకముందు మొదలైతే పొద్దువాలే వేళకు ముగిసేది. ఆదివాసులుండే అడవిలో బస్సులన్నీ వరసగా, పోలీసు కాపలాతో నడవాలి. రెండుచోట్ల క్రీకు, అంటే సముద్రపు పాయ, దాటడానికి బస్సుతో సహా ఫెర్రీ మీదికి ఎక్కాలి. దిగేసరికి ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో తెలిసిపోయింది. అలాగే బ్యాగు మోసుకుంటూ వెళ్ళి ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డాను.

ప్రిన్సిపాల్ ఒక పెద్దావిడ. దీవుల్లోనే పుట్టింది, హిందీ సాహిత్యం చెప్పేది. ఆమె మాట్లాడేదంతా హిందీలోనే, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. నా జాయినింగ్ రిపోర్టు తీసి పక్కన పెట్టేసింది.

"ఇంటికి ఎప్పుడెప్పుడు వెళ్ళాలనుకుంటున్నావు?" అని అడిగింది.

నేను తడబడ్డాను. "ఇప్పుడే కదా మేడం వచ్చాను."

"వచ్చినవాడు వెళ్ళకుండా ఉంటాడా? ముందే చెబితే దాన్నిబట్టి టైంటేబుల్ వేసుకుంటాను. బీవీ-బచ్చే ఎక్కడ?"

"హోప్ టౌన్‌లో మేడం."

"అయితే నీకు శుక్రవారం క్లాసులు పెట్టను. రెండు వారాలకొకసారి గురువారం సాయంత్రమే సర్దుకో, శుక్రవారం తెల్లవారుజాము బస్సుకి పో. సోమవారం సాయంత్రానికి తిరిగొస్తే చాలు. ఆ రోజు నీ బదులు ఫిజిక్స్ ఆయన చూసుకుంటాడు. ఆయన ఓడలో కేరళ వెళ్ళినప్పుడు ఆయన క్లాసులు నువ్వు చూసుకో."

"నాకు ఫిజిక్స్ రాదు మేడం."

"ఆయనకు కామర్స్ వచ్చనుకున్నావా? పిల్లల్ని కూర్చోబెట్టి చదివించు, చాలు."

బస్సు టైముని బట్టి టైంటేబుల్ వేసిన కాలేజీ ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి, వెళ్ళిపోవాలన్న ఆత్రం నాలో కొంచెం తగ్గిందని మాత్రం తెలుసు. అది ఎందుకు తగ్గిందో అప్పుడు అర్థం కాలేదు.

కామర్స్‌కి నేనొక్కణ్ణే. అకౌంట్స్ నుంచి మానవ వనరుల నిర్వహణ దాకా అన్నీ నేనే చెప్పాలి. కరేన్ తెగ పిల్లలు, బెంగాలీ పిల్లలు, ఒకప్పుడు కూలిపనికి వచ్చిన రాంచీ వాళ్ళ పిల్లలు, మన మత్స్యకారుల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఉద్యోగి ఒక సంస్థను అంటిపెట్టుకుని ఎందుకుంటాడన్నది పుస్తకంలో ఒక పాఠం. ఇష్టపడి ఉండేవాడు ఒక రకం, వదిలేస్తే నష్టమని ఉండేవాడు ఒక రకం, వదిలిపోవడం ధర్మం కాదని ఉండేవాడు ఇంకో రకం అని అందులో రాసి ఉంటుంది. నేనది బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలోంచి మన తెలుగు పిల్ల ఒకతె లేచింది.

"సార్, మరి ఆప్ కా కౌన్సా? మీది ఏ రకం సార్?"

క్లాసంతా నవ్వింది. "రెండోది. ఇల్లు గడవాలి కదమ్మా" అన్నాను. నిజమే చెప్పాను. ఆ వారమే బదిలీకి దరఖాస్తు రాసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

అది తీసుకెళ్ళి మేడం బల్ల మీద పెట్టినప్పుడు, ఏం వంక చెబుతుందో దానికేం జవాబు చెప్పాలో అంతా సిద్ధం చేసుకునే వెళ్ళాను. వేరే కాలేజీల్లో పనిచేసిన మిత్రులు చెప్పిన కథలు అలాంటివి. పైకి పంపకుండా సొరుగులో పడేసే ప్రిన్సిపాళ్ళు, పంపుతూనే కింద చెడ్డమాట రాసే ప్రిన్సిపాళ్ళు ఉండేవారట. ఈమె కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తర్వాత పెన్ను తీసుకుని కింద అర పేజీ రాసింది. ఈ మనిషి పాఠం బాగా చెబుతాడు, ఇంటి దగ్గర ముసలి తల్లిదండ్రులున్నారు, చిన్నపిల్ల ఉంది, ఇతని కోరిక తప్పకుండా తీర్చాలని గట్టిగా కోరుతున్నాను అని రాసి సంతకం పెట్టింది.

"ఇలా రాస్తే నిజంగానే చేసేస్తారు మేడం" అన్నాను.

"నువ్వడిగింది అదే కదా?"

అవునన్నాను. బయటికి వచ్చాక నాకు సంతోషం కలగాలి. ఏదో వెలితిగా అనిపించింది.

ఆ ఏడు వానాకాలంలో నాన్న పోయాడు. కబురు మధ్యాహ్నం క్లాసులో ఉండగా వచ్చింది. రోడ్డు మీద చెట్లు పడి బస్సులు ఆగిపోయాయి. ఆ సాయంత్రం పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే ఓడ ఒకటి జెట్టీలో ఉంది గాని టికెట్లన్నీ అయిపోయాయి. మేడం గొడుగు పట్టుకుని నాతోపాటే జెట్టీకి నడిచి వచ్చింది. అక్కడ ఎవరితో ఏం మాట్లాడిందో వినలేదు. నన్ను ఓడ ఎక్కించి, "లెక్కలు నేను చూసుకుంటాను, వెళ్ళు" అంది. ఏ లెక్కలో నాకు తట్టలేదు. ఆఖరి చూపు దక్కింది.

పెద్దకర్మ అయ్యాక తిరిగి వెళ్ళాను. నేను లేని అన్ని రోజులూ రెండో సంవత్సరం అకౌంట్స్ క్లాసు ఆగిపోయి ఉంటుందని, పరీక్షలకు పాఠాలు ఎలా లాగించాలా అని దారంతా ఆలోచించుకుంటూనే ఉన్నాను. వరండాలోకి వెళ్ళేసరికి నా క్లాసులోంచి కేకలు వినబడుతున్నాయి. తలుపు దగ్గర నిలబడి చూశాను. మేడం చేతిలో చాక్‌పీసు, చీర కుచ్చిళ్ళ నిండా చాక్‌పొడి. బోర్డు మీద ఆస్తి అప్పుల పట్టీ. ముందు వరసలో ఒక కరేన్ కుర్రాడు నిలబడి ఆమెను దబాయిస్తున్నాడు.

"మేడం, అది ఇటు కాదు, అటు రాయాలి. నిన్న కూడా చెప్పాను కదా!"

"నిన్న చెప్పావు సరే. ఎందుకో చెప్పలేదు."

ఎందుకో చెప్పడానికి ఆ కుర్రాడు తల గోక్కున్నాడు. పక్క పిల్ల అందుకుంది. ఆ పిల్లకు తెలియనిచోట ఇంకొకడు లేచాడు. మేడంకి నిజంగానే ఒక్క ముక్క తెలియదు. అయినా రోజూ ఆ పీరియడ్‌కి వెళ్ళి, పిల్లల చేత పాఠం చదివించి, మీరే నాకు నేర్పండర్రా అని కూర్చుందట. నన్ను చూసి చాక్‌పీసు నా చేతిలో పెట్టింది.

"రెండు వైపులా సమానం ఎందుకు రావాలో వీళ్ళు ఇన్నాళ్ళుగా చెబుతున్నారు. నాకింకా నమ్మకం కుదరలేదు. ఇక నువ్వు చూసుకో" అని వెళ్ళిపోయింది.

ఆ బ్యాచ్‌కి నేను తర్వాత చెప్పింది పెద్దగా లేదు. నాకంటే బాగా వాళ్ళే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవడం నేర్చేసుకున్నారు. ఆ సాయంత్రం మేడం గదికి వెళ్ళి, నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటానన్నాను. ఆమె ఏదో ఫైలు వెతుక్కుంటూ, "కొత్తది పెట్టకపోతే సరి. పాతవి ఎవరు చూస్తారు?" అంది.

ఇక్కడ ఆమె గురించి ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే దేవతను చేసి చెప్పినట్టవుతుంది. కాగితాల విషయంలో ఆమెంత నిర్లక్ష్యమైన మనిషిని నేను చూడలేదు. మా సర్వీసు బుక్కుల్లో ఎంట్రీలు ఏళ్ళ తరబడి పడేవి కావు. పై ఆఫీసు నుంచి మెమోలు వస్తే వాటి మీద టీ గ్లాసు పెట్టుకునేది. కోపం వస్తే నలుగురిలో ఉన్నామని కూడా చూడకుండా అరిచేది, మర్నాడు ఆ మనిషి ఇంటికే వెళ్ళి భోజనం పెట్టమని కూర్చునేది. అలాంటి మనిషి దగ్గర మేము సాయంత్రం ఆరయినా ఇళ్ళకు పోయేవాళ్ళం కాదు. ఫిజిక్స్ ఆయన చీకటి పడేదాకా పిల్లలకు నక్షత్రాలు చూపించేవాడు. నేను జెట్టీ వైపు పిల్లలకు, ఫెయిలైనవాళ్ళకు, పొద్దుటిపూట వేటకు వెళ్ళొచ్చే కుర్రాళ్ళకు విడిగా క్లాసు పెట్టాను. ఎవరూ చెయ్యమనలేదు. కాలేజీ వరండాలోంచి చూస్తే కొబ్బరిచెట్ల కింద సముద్రం, అవతల చిన్న దీవి. ఆ క్లాసు అయ్యాక ఆ మెట్ల మీద కూర్చుంటే, నాకు ఇంకెక్కడికీ పోవాలనిపించేది కాదు.

ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం ఈ మాటలేవీ చెప్పేవాణ్ణి కాదు. భార్య అక్కడ ముసలి అత్తనీ పిల్లనీ ఒంటిచేత్తో చూసుకుంటుంటే, నేనిక్కడ హాయిగా ఉన్నానని ఏ నోటితో చెప్పను? అందుకని జలగల గురించి చెప్పేవాణ్ణి. నెలల తరబడి కురిసే వాన గురించి, ఓడ రాకపోతే బజార్లో కూరగాయలు దొరకకపోవడం గురించి, బస్సులో నడుం పట్టెయ్యడం గురించి చెప్పేవాణ్ణి. అవీ అబద్ధాలు కావు. ఆమె వింటూ వింటూ నా కంచంలో ఇంకో చేపముక్క వేసేది.

కొన్నేళ్ళకు మేడంని పోర్ట్ బ్లెయిర్‌కి మార్చారు. బస్సెక్కించడానికి ఊరు ఊరంతా వచ్చింది. ఆమె స్థానంలో వచ్చిన ప్రిన్సిపాల్ పద్ధతైన మనిషి. చెడ్డవాడని నేననను. వచ్చిన కొన్ని నెలల్లోనే మా సర్వీసు బుక్కులన్నీ సరిచేయించాడు. ఆగిపోయిన మా ప్రమోషన్ కాగితాలు కదిలాయి. ఆ తర్వాత వేలిముద్రల యంత్రం వచ్చింది. టైంటేబుల్ రూలు ప్రకారం వేశాడు, సోమవారం మొదటి పీరియడ్ నాకే పడింది. నేను వెళ్ళి బస్సు సంగతి చెప్పాను.

"మనుషుల్ని బట్టి సంస్థ నడవకూడదు. సంస్థని బట్టే మనుషులు నడవాలి" అన్నాడాయన, కోపం లేకుండానే.

ఆ మాట తప్పని ఇప్పటికీ అనలేను. వానలో తడిసిన వేళ్ళతో యంత్రం ముందు వరసలో నిలబడేవాళ్ళం. సగం రోజులు కరెంటు ఉండేది కాదు, ఉన్న రోజున వేలు పట్టేది కాదు. అయినా అందరం టైముకి రావడం నేర్చుకున్నాం. టైముకి వెళ్ళిపోవడం కూడా నేర్చుకున్నాం. నాలుగు కాకముందే బ్యాగులు భుజాన వేసుకుని మళ్ళీ ఆ యంత్రం ముందే వరస కట్టేవాళ్ళం. ఫిజిక్స్ ఆయన ఆ ఏడాదే రాజీనామా చేసి కేరళ వెళ్ళిపోయాడు. వెళ్తూ నాతో, "జీతం పెరిగింది భయ్యా, ఉండాలన్న కోరికే తరిగింది" అన్నాడు.

నేను మాత్రం ఉండిపోయాను. నాకు ఆ పిల్లలున్నారు, జెట్టీ క్లాసుంది. ఆ ఏడు ఫైనలియర్‌లో చేపలబుట్ట ఎత్తే ఇళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు నలుగురున్నారు. వాళ్ళు పరీక్షలకు తయారవుతుండగా బదిలీ ఆర్డరు వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌కి. ఆర్డరులో "స్వంత కోరికపై" అని ఉంది. నేను మరిచిపోయిన పాత దరఖాస్తు ఎవరికో కనబడింది. నా బదులు ఎవరొస్తారో అందులో లేదు.

సెలవు పెట్టి బస్సెక్కాను. ఇంటికి వెళ్ళకుండా ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకుని, మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఉన్నాను. ఆ సెక్షన్ చూసే అధికారి మన తెలుగాయనే, మా నాన్నను ఎరిగిన మనిషి. నా అర్జీ చదివి కుర్చీ వెనక్కి జరిపాడు.

"కూర్చోండి మాస్టారూ. చాయ్ పియేంగే? ... ఏటిది? అందరూ అక్కణ్ణుంచి తీసెయ్యమని నా ప్రాణం తీస్తారు. మీరు ఉంచమంటారా? అక్కడ జాగా ఏమైనా కొన్నారా?"

"లేదండీ."

"ట్యూషన్లు?"

"జీతం లేని ట్యూషన్లే."

ఆయన నవ్వాడు గాని నమ్మలేదు. ఫైనలియర్ పిల్లల సంగతి చెప్పాను. ఇంకో కామర్స్ లెక్చరర్ లేడని చెప్పాను. ఆ కాలేజీ అంటే నాకు ఇష్టమని చెప్పాను. ఆ ఆఖరి మాట ఆ గదిలో అంతకుముందు ఎవరూ అని ఉండరు. నాకే కొత్తగా వినబడింది.

"ఇష్టమని రాస్తే పైవాళ్ళు ఏమంటారో తెలుసా? ఇష్టం లేదని ఎవరైనా రాస్తే తీసెయ్యాలి కదా అంటారు. ఇష్టానికి మన దగ్గర రూలు లేదు మాస్టారూ." ఆయన గొంతు తగ్గించాడు. "అదీగాక, మీ ఇంట్లో అడక్కుండా వచ్చినట్టున్నారు. మీ పాత కాగితం ఎలా లేచిందనుకుంటున్నారు? దీదీ వచ్చింది ఇక్కడికి. ఒకసారి కాదు. ఆ బెంచీ మీదే కూర్చునేది. మా ఆయన అక్కడ నానా కష్టాలు పడుతున్నాడు, ఎలాగైనా తెచ్చెయ్యండి అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనే వెతికించాను."

నేను అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఆయన వద్దనలేదు.

హోప్ టౌన్ బోటెక్కి ఇంటికి వెళ్ళాను. భార్య పెరట్లో చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి మొహం వెలిగింది.

"ఆర్డరొచ్చిందా మావా? నాకు తెలుసు!"

"ఆఫీసుకెళ్ళావట."

"ఎల్లాను. నిన్నడిగితే ఏటంటావు? సూద్దాం అంటావు. ఎన్నేల్లని సూత్తాం? అందుకే ఆల్లనే అడిగాను."

"నాతో ఒక్కమాట చెప్పుంటే..."

"సెప్తే ఏటి సేత్తువు?" అని చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "నువ్వొచ్చిన పెతీసారీ సూత్తన్నాను. జలగలు పీకిన మచ్చలు, ఆ నడుం, ఆ మొహం. రాత్తిరి నిద్దట్లో కూడా ఏదో పాటం సెప్తావు. ఎంత కట్టమో నా మొగుడికి అనీసి ఏడవని రోజు నేదు. నీకోసమే ఎల్లాను గాని నాకోసం కాదు." ఆగి, మళ్ళీ అంది. "నాకోసం కూడా ఎల్లాననుకో. అయితే ఏటి? తప్పా?"

తప్పు కాదన్నాను. నేను రద్దు చెయ్యమని అడగడానికే వెళ్ళానని చెప్పాల్సి వచ్చింది. ఆమె లేచి వెళ్ళి ఎండబెట్టిన చేపలన్నీ తిరగేసి వచ్చింది.

"అక్కడ ఏటుంది మావా?" అని అడిగింది చివరికి.

నాన్న పోయినప్పుడు మేడం నా క్లాసుకి వెళ్ళి కూర్చున్న సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో అది ఇంట్లో చెప్పడం అదే మొదటిసారి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ పిల్లలు పరీచ్చ రాసీదాకా నెల నెలా ఎల్లిరా. నాను అడ్డం రాను. తరవాత మాత్తరం ఇక్కడే ఉండు" అంది. తీర్పు చెప్పినట్టుగా కాదు, బేరం ఆడినట్టుగా కూడా కాదు. అలసిపోయి అంది.

పోర్ట్ బ్లెయిర్‌లో చేరిపోయాను. నెలకొక శనివారం తెల్లారకముందే బస్సెక్కి మాయాబందర్ వెళ్ళి, ఆదివారం పాఠం చెప్పి, సోమవారం సెలవు పెట్టి తిరిగొచ్చేవాణ్ణి. మొదటిసారి వెళ్ళినప్పుడు కాలేజీ తాళం ఎలా అడగాలా అని బెరుకుగా కొత్త ప్రిన్సిపాల్ ఇంటికి వెళ్ళాను. ఆయన లుంగీ మీదే బయటికి వచ్చి, తాళాలు స్వయంగా తెచ్చి, క్లాసు తలుపు తీశాడు.

"ఆదివారం యంత్రం పని చెయ్యదు మాస్టర్‌జీ. మీరు ఎప్పుడొచ్చినా, ఎప్పుడెళ్ళినా నాకు తెలియదు" అన్నాడు. నేను ఆయన్ని అప్పటిదాకా సగమే చూశానని తెలిసింది.

నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురు పాసయ్యారు. నాలుగో పిల్లకు మధ్యలో పెళ్ళి చేసేశారు. నా స్థానంలో ఆ ఏడంతా ఎవరూ రాలేదు, తర్వాత ఒక కుర్రాడు కాంట్రాక్టు మీద వచ్చాడు. జెట్టీ క్లాసు ఆగిపోయింది.

పోర్ట్ బ్లెయిర్‌లో నాకేమీ తక్కువ కాలేదు. రోజూ సాయంత్రం బోటెక్కి ఇంటికి వచ్చి, పాపకు లెక్కలు చెప్పి, అమ్మ కాళ్ళకు తైలం రాసేవాణ్ణి. ఆమె నా చేతుల్లోనే పోయింది. ఆ భాగ్యం ఈ బదిలీ వల్లే దక్కింది. పాఠాలూ బాగానే చెప్పాను. ఎవరూ వేలెత్తి చూపలేదు. మంచి లెక్చరర్ అని కాగితం కూడా ఇచ్చారు. కానీ మీతో నిజం చెప్పాలి కదా. బెల్లు కొట్టగానే నా చేతిలో చాక్‌పీసు అప్రయత్నంగా కింద పెట్టేసేవాణ్ణి. వానపడే మధ్యాహ్నాల్లో స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడితే, ఈ వాన అక్కడ ఇంకా గట్టిగా పడుతూ ఉంటుంది, వరండాలో చెప్పులన్నీ తడిసిపోయి ఉంటాయి అనుకునేవాణ్ణి. ఎవరైనా మాయాబందర్ నుంచి వచ్చారంటే వాళ్ళ పక్కన చేరి, బజారు ఎలా ఉంది, ఓడ వస్తోందా అని అక్కరలేనివన్నీ అడిగేవాణ్ణి. రిటైరయ్యేదాకా అంతే.

మేడం రిటైరయ్యాక వండూర్‌లో తమ్ముడి ఇంట్లో ఉండేది. ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్నది అడిగాను.

"నేను ఉండాలని మీకు లేదా మేడం? అంత గట్టిగా ఎందుకు రాశారు?"

"ఉండాలనే ఉంది. కానీ వెళ్ళనివ్వరేమోనన్న భయంతో ఉన్నవాడు ఉన్నట్టు కాదు. నేను వెళ్ళనిస్తానని నీకు తెలియాలి. అది తెలిస్తే మనిషి నెమ్మదిస్తాడు. నెమ్మదిగా ఉన్నవాడే పాఠం చెప్పగలడు" అంది. తర్వాత కాసేపు చేపల ధరల గురించి మాట్లాడుకున్నాం. అదే ఆమెను ఆఖరిసారి చూడటం.

నిరుడు, నేను రిటైరయ్యాక, భార్యతో అన్నాను, ఒకసారి మాయాబందర్ వెళ్ళొద్దామా అని. అన్నేళ్ళు నేను అక్కడ ఉన్నా ఆమె ఎప్పుడూ రాలేదు. అమ్మను వదల్లేమని, పిల్ల బడి అని, ఆ బస్సు ప్రయాణం పడదని, నేనూ పిలవలేదు, ఆమె కూడా అడగలేదు. ఈసారి బస్సు కిటికీ పక్కన కూర్చుని అడవంతా చూస్తూ వచ్చింది. ఫెర్రీ మీద దిగి మొహం మీద నీళ్ళు చల్లుకుంది. నడుం నొప్పి అని ఒక్కసారీ అనలేదు.

మర్నాడు కాలేజీకి తీసుకెళ్ళాను. సెలవు రోజు. వాచ్‌మన్ కొత్తవాడు, నన్నెరగడు. అయినా గేటు తీశాడు. నా పాత క్లాసుకి కొత్త రంగు వేశారు. వరండాలోంచి మెట్ల దగ్గరికి నడిచాం. ఆమె అక్కడ ఆగిపోయింది. కొబ్బరిచెట్ల కింద నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఒక పడవ దీవి వైపు వెళ్తోంది. ఆమె పుట్టింది కూడా సముద్రం ఒడ్డునే, నీళ్ళు ఆమెకు కొత్త కాదు. అయినా కొంగు నడుముకు దోపుకుని అలాగే నిలబడి చూసింది. తర్వాత మెట్టు మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"జలగలన్నావు" అంది.

నేను మెట్టు మీద రాలిన ఆకొకటి తీసి పక్కకు వేశాను.

"వానన్నావు. కూరగాయలు నేవన్నావు. ఇలగుంటాదని ఒక్కసారి సెప్పినావా మావా? సెప్పుంటే నానే వొచ్చీదాన్ని కదా. అత్తనీ తెచ్చీదాన్ని. పిల్ల ఇక్కడే సదివీది."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేవాణ్ణి. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వాచ్‌మన్ దూరం నుంచి చూస్తున్నా ఆమె విదిలించుకోలేదు.

ఎండ మీదికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. పడవ దీవి అవతలికి వెళ్ళి కనబడకుండా పోయింది. మా తిరుగు టికెట్లు మర్నాటి తెల్లవారుజాము బస్సుకి ఉన్నాయి. లాడ్జీలో సంచి సర్దాలి, ఇక లేద్దామా అన్నాను.

ఆమె లేవలేదు.

"రేపు బస్సు ఒగ్గీద్దాం మావా" అంది.